కొండనాలుకకు మందు

ఇంట్లో ఎవరికైనా చెయ్యి కాలిందనుకోండి. కాలినవాడు ఒక్కడే, వైద్యులు మాత్రం అరడజను మంది. బామ్మ దోసెల పిండి గిన్నెతో పరుగెత్తుకొస్తుంది. బాబాయి సిరాబుడ్డి మూత తీస్తాడు. పక్కింటి పిన్నిగారు గోడ మీంచే "తేనె రాయండమ్మా" అని కేకేస్తారు. చల్లటి నీళ్ళ కుళాయి మాత్రం ఎవరికీ గుర్తు రాదు. వీళ్ళలో ప్రేమ లేనివాళ్ళు ఒక్కరూ లేరు. చిక్కంతా అక్కడే ఉంది. ప్రథమ చికిత్సకి ప్రేమ ఒక్కటే చాలదు.

ఈ సంగతి లోకానికి గట్టిగా తెలిసొచ్చిన చోటొకటుంది. ఆస్ట్రేలియా ఈశాన్య తీరంలో కెయిర్న్స్ అనే ఊరు. అక్కడి సముద్రం చూడముచ్చటగా ఉంటుంది. కాని ఎండలూ వానలూ కలిసొచ్చే నెలల్లో (వాళ్ళ వేసవి మనకి డిసెంబరు, జనవరి) ఆ నీళ్ళలో దిగినవాళ్ళు కొందరు కెవ్వుమని అరిచి ఒడ్డుకొచ్చి, నిమిషాల్లో ప్రాణాలు వదిలేవారు. ఒంటి మీద కొరడాతో కొట్టినట్టు వాతలు. కుట్టిందేమిటో మాత్రం తెలియదు.

1955 జనవరి 20న కెయిర్న్స్‌కి దక్షిణాన ఉన్న కార్డ్‌వెల్‌లో అయిదేళ్ళ పిల్లవాడు అలాగే పోయాడు. హ్యూగో ఫ్లెకర్ అనే కెయిర్న్స్ డాక్టరుకి వైద్యంతో పాటు చెట్టూ పుట్టా, పురుగూ పుట్రా అన్నీ కావాలి. పిల్లవాడు పోయిన చోట వలలు వేసి గాలించమని ఆయన పోలీసులకి చెప్పాడు. వలలో పడ్డవాటిలో ఒక జెల్లీచేప ఎవరూ ఎరగనిది. గాజులా పారదర్శకం. పెట్టెలా నాలుగు మూలలు, మూలమూలనా గుత్తులుగా తీగలు. పెద్దదానికి అరవై దాకా ఉంటాయి, సాగితే ఒక్కోటీ మూడు మీటర్లు. అడిలైడ్‌లోని సౌత్‌కాట్ అనే శాస్త్రజ్ఞుడు దాన్ని పరీక్షించి, ఆ ఏడాది డిసెంబరులోనే ఫ్లెకర్ పేరు కలిపి 'కైరోనెక్స్ ఫ్లెకెరి' అని నామకరణం చేశాడు.

ఒక దొంగ దొరికాడు. రెండోవాడు దొరకలేదు. కొందరికి నీళ్ళలో ఏదో చురుక్కుమనేది, అంతే. వాతలుండవు. అరగంట గడిచాక నడుము విరిగిపోతున్నట్టు నొప్పి, వాంతులు, చెమటలు. ఆ తీరపు ఆదివాసుల పేరు మీద ఫ్లెకర్ ఈ జబ్బుని 1952లోనే 'ఇరుకాంజి' అన్నాడు. కారణమేమిటో తేలకుండానే 1957లో ఆయన కన్నుమూశాడు.

ఆ వెతుకులాట జాక్ బార్న్స్ అనే మరో కెయిర్న్స్ డాక్టరు నెత్తికెత్తుకున్నాడు. ఏళ్ళ తరబడి వెతికితే 1961 డిసెంబరులో బొటనవేలి గోరంత జెల్లీచేప ఒకటి చేతికి చిక్కింది. ఇదే నేరస్థుడని రుజువేమిటి? బార్న్స్ దాన్ని తన ఒంటికి తాకించుకున్నాడు. తొమ్మిదేళ్ళ కొడుక్కీ, తోడొచ్చిన ఒక కుర్ర లైఫ్‌గార్డుకీ కూడా తాకించాడు! కాసేపటికి ముగ్గురూ మెలికలు తిరిగిపోతూ ఆస్పత్రిలో చేరారు. ముగ్గురూ బతికి బట్టకట్టారు. 1967లో ఆ జీవికి బార్న్స్ పేరు పెట్టారు. శాస్త్రం సంతోషించింది. ఆ రాత్రి ఆ పిల్లవాడి తల్లి ఏమందో ఏ పత్రికా అచ్చు వెయ్యలేదు. తండ్రిగా ఆలోచిస్తే నాకు ఒళ్ళు మండుతుంది. తీరంలోని మిగతా పిల్లల్ని తలుచుకుంటే నోరు పెగలదు.

సరే, కుట్టేదేమిటో తెలిసింది. కుడితే ఏం చెయ్యాలి? 1970లో విరుగుడు మందు వచ్చింది. కాని మందు చేరేలోగా మనిషి మిగలాలి కదా! ఒడ్డున ఉన్నవాళ్ళు దోసెల పిండి బామ్మలాంటి వాళ్ళే. కొందరు ఇసకతో రుద్దేవారు. చదువుకున్నవాళ్ళు స్పిరిటు పోసేవారు. గాయానికి స్పిరిటు మంచిదేగా మరి! డాక్టర్లు చెప్పిందీ అదే.

అసలు కిటుకు ఆ తీగల్లో ఉంది. తీగ పొడుగునా కంటికి కనపడని విషపు గుళికలు లక్షల్లో ఉంటాయి. ఒక్కొక్కదాంట్లో చుట్ట చుట్టుకున్న బోలు దారం. తాకితే చాలు, అది విసురుగా విచ్చుకుని చర్మంలో గుచ్చుకుంటుంది. తెగిన తీగ ఒంటికి అంటుకుని ఉన్నంతసేపూ పేలని గుళికలు అందులో కాచుకునే ఉంటాయి. 1980లో హార్ట్‌విక్, కాలనన్, విలియమ్సన్ అనే ముగ్గురు పరిశోధకులు వీటి మీద ఒక్కో ద్రవమూ పోసి చూశారు. స్పిరిటు పోస్తే పేలనివి కూడా పేలాయి! కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, ప్రాణం పొయ్యాలని పోసినవాళ్ళు ఇంకాస్త విషం ఎక్కించారన్నమాట. ఎంత ప్రేమగా పోశారో!

మరి వాటి నోరు మూయించింది? వంటింటి వెనిగర్. కనీసం అర నిమిషం పాటు ధారగా పోస్తే, పేలని గుళికలు ఇక పేలవు. ఎక్కిన విషాన్ని అది దించదు, నొప్పినీ తగ్గించదు. ఇంకా ఎక్కకుండా ఆపుతుంది, అంతే. ఊపిరి ఆగితే ఊపిరి పొయ్యాలి, గుండె ఆగితే గుండె నొక్కాలి. ఆ తీరంలో లైఫ్‌గార్డులకు ఇవన్నీ నేర్పుతారు. ఒకప్పుడు ఆ వస్తాదులు ఆడవాళ్ళ పల్చటి మేజోళ్ళు తొడుక్కుని సముద్రంలోకి దిగేవారట. ఆ సన్నటి అడ్డు ఉన్నా ముళ్ళు చర్మందాకా రావు. పౌరుషం కంటే ప్రాణం ముఖ్యం!

వెనిగరే సర్వరోగనివారిణి అనుకునేరు! నీలి సీసాలా తేలే 'బ్లూబాటిల్' కుడితే ఆస్ట్రేలియాలో వెనిగర్ వద్దంటారు. 2006లో 96 మంది మీద చేసిన పరీక్షలో 45 డిగ్రీల వేడినీళ్ళు నూటికి 87 మందికి నొప్పి తగ్గించాయి. మంచుగడ్డ 33 మందికే. నీలి వలయాల ఆక్టోపస్ కరిస్తే మనిషి కట్టెలా పడిపోతాడు గాని, అన్నీ వినపడుతూనే ఉండవచ్చు. పోయాడని వదిలెయ్యకుండా ఊపిరి ఊదుతూ ఉంటే, విషం దిగాక లేచి కూర్చోవచ్చు. పాము కాటుకని 1979లో వచ్చిన గట్టి కట్టు ఈ ఆక్టోపస్‌కీ, సముద్రపు పాముకీ పనికొచ్చింది. జెల్లీచేపలకీ కట్టమని కొన్నాళ్ళు చెప్పి, తరవాత వద్దన్నారు. నిన్న నేర్పిన పాఠాన్ని ఇవాళ దిద్దుకోవడానికీ గుండె ఉండాలి.

ఇప్పుడు ఆ తీరంలో చాలా చోట్ల ఇసకలో ఒక గుంజ, దానికి ఒక వెనిగర్ సీసా కనపడతాయి. గుడి ముందు దీపస్తంభంలా ఉంటుంది నాకు. కార్డ్‌వెల్ పిల్లవాడూ, నొప్పికి వీపు ఒప్పగించిన డాక్టరూ, తొమ్మిదేళ్ళ కొడుకూ ఆ సీసా వెనకాల ఉన్నారు.

మన సముద్రంలోనూ కుట్టే జెల్లీచేపలున్నాయి. దిగేముందు అక్కడి జాలరినో లైఫ్‌గార్డునో ఒక్కమాట అడిగితే మన సొమ్మేం పోదు. ఇక ఇంట్లో ఎవరికైనా చెయ్యి కాలితే, బామ్మగారి గిన్నెని మర్యాదగా పక్కన పెట్టి, ముందు కుళాయి తిప్పండి.