వినిపించినవాడు, నిలిపినవాడు: జీన్ నార్మన్

రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక లాస్ ఏంజెలెస్ జాజ్ అభిమానులకు బాగా అలవాటైన రేడియో గొంతుల్లో జీన్ నార్మన్‌ది ఒకటి. 1922లో పుట్టిన ఆయన కేఎఫ్‌డబ్ల్యూబీ కేంద్రంలో రికార్డులు వినిపిస్తూ పేరు తెచ్చుకున్నారు. అలా కూడిన శ్రోతలే ఆయన అసలు పెట్టుబడి.

1947లో పసడీనా సివిక్ ఆడిటోరియంలో ‘జస్ట్ జాజ్’ కచేరీలు మొదలుపెట్టారు. జాజ్‌ను నృత్యశాల నుంచి కచేరీ వేదికకు తెచ్చే ప్రయత్నం లాస్ ఏంజెలెస్‌లో 1944లోనే నార్మన్ గ్రాంజ్ చేశారు. జీన్ నార్మన్ ఆ బాటలోనే నడుస్తూ, కచేరీలను రికార్డు చేయించారు. 1947 ఆగస్టు 4న లయొనెల్ హాంప్టన్ బృందం ‘స్టార్‌డస్ట్’ను దాదాపు పావుగంట వాయించింది. అప్పటి 78 ఆర్‌పీఎం రికార్డులో ఒక్కో వైపు పట్టేది సుమారు మూడు నిమిషాలే. స్టూడియోలో ఆ కొలతకు ఒదిగిన వాద్యకారుడు వేదికపై తన ఊహను తీరిగ్గా విస్తరించగలడని ఈ రికార్డింగు చాటింది. 1948లో వచ్చిన ఎల్పీ రికార్డు అలాంటి సంగీతాన్ని ఇళ్లకు చేర్చింది.

1950ల మధ్యనాటికి నార్మన్ చేతిలో రెండు సంస్థలున్నాయి. ఒకటి జీఎన్‌పీ రికార్డు కంపెనీ. రెండోది సన్‌సెట్ స్ట్రిప్‌లోని క్రెసెండో నైట్‌క్లబ్. అక్కడ లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ 1955లో చేసిన కచేరీని డెక్కా, ఎల్లా ఫిట్జెరాల్డ్ 1961లో పాడిన పాటలను వెర్వ్ విడుదల చేశాయి. లాభం వేరే కంపెనీలకు వెళ్లినా, ఆ సంగీతం పుట్టిన వేదిక నార్మన్‌దే.

1960ల్లో రాక్ సంగీతం ముందుకొచ్చింది. నార్మన్ క్లబ్బును వదులుకున్నా కంపెనీని వదల్లేదు. ‘ది సీడ్స్’ రాక్ బృందం రికార్డులతో, తర్వాత ‘స్టార్ ట్రెక్’ నేపథ్య సంగీతంతో దాన్ని నడిపించారు. 2015లో కన్నుమూశారు.

ఆయన కృషి విలువ తెలియాలంటే క్లిఫర్డ్ బ్రౌన్‌ను వినాలి. మాక్స్ రోచ్‌తో కలిసి ఆ ట్రంపెట్ వాద్యకారుడు 1954లో చేసిన కచేరీలను నార్మన్ రికార్డు చేయించారు. 1956లో, 25 ఏళ్లకే, కారు ప్రమాదంలో బ్రౌన్ మరణించాడు. అంత కొద్దికాలమే సాగిన ప్రతిభకు ప్రతి రికార్డూ అమూల్యం. జాజ్ చరిత్రలో వాద్యకారుల పక్కన జీన్ నార్మన్ వంటి నిర్వాహకులకూ చోటు దక్కడం న్యాయం.