ఫీల్డరు తప్పు – ప్రేక్షకుని ఆగ్రహము

పెనుకొండనుండి హిందూపురము వైపు పోవు దారిలో, బెంగుళూరు రాజమార్గము నంటియున్న సోమందేపల్లెది గరుసునేల. అనంతపురపు మెట్టసీమలో ఏడాది పొడుగున కురియు వాన సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. అది వేరుసెనగ చేలకే చాలక రైతు ఆకాశమువంక చూచుచుండగా, పిల్లలాడు బయలునకు పచ్చిక ఎక్కడనుండి వచ్చును? ఇట్టి నేలపై క్రికెట్టాడు కుర్రవాడు, బంతికై దుమికి పడినచో మోకాళ్ళు, మోచేతులు గీచుకొనిపోవునని యెరిగినవాడగుటచేత, పడకుండ నిలిచి కాలో చేయో అడ్డుపెట్టుటనే నేర్చుకొనును. బంతియు తిన్నగ రాదు. రాతికి తగిలి ప్రక్కకు తిరిగి అతని కాళ్ళసందున దూరిపోవును. గట్టుమీద కూర్చున్నవారందరు ఒక్కపెట్టున "కండ్లు యాడ పెట్టుకున్న్యావురా!" అని విరుచుకుపడుదురు. ఈ కోపమునకు దీర్ఘమైన చరిత్ర కలదు. ఆ చరిత్రలో నేలకును పాలు కలదని నా దృఢవిశ్వాసము.

ఫీల్డరు తప్పును లెక్కగా మార్చి పట్టిక కెక్కించినది అమెరికావారి బేస్‌బాల్. ఇంగ్లండులోని ఎక్సెటరున 1824లో జన్మించి, బాల్యముననే అమెరికా చేరి, మొదట క్రికెట్ వార్తలు వ్రాసిన హెన్రీ ఛాడ్విక్, పిమ్మట బేస్‌బాల్‌పై మనసు నిలిపి, ఆటలోని ప్రతి ఘట్టమును నమోదుచేయు పద్ధతికి ప్రాచుర్యము కలిగించెను. నేటికిని ఆ ఆట ఫలకముమీద పరుగులు, హిట్లు, వాని సరసనే తప్పులు కానవచ్చును. ఆ తొలినాళ్ళలో ఆటగాండ్రవి వట్టిచేతులు. 1875లో మొదటి బేసు కాచుచు తోలు తొడుగు ధరించిన చార్లెస్ వెయిట్, అది జనుల కంటబడకుండుటకై ఒంటిరంగు తొడుగునే యెన్నుకొనెనని స్పాల్డింగ్ అను ప్రసిద్ధ క్రీడాకారుడు తరువాత వ్రాసినాడు. చేయి జారినందుకు తిట్టిన జనులే, జారకుండ కాపాడు సాధనమును గూడ పరిహసించెడివారు!

1924 అక్టోబరు 10న వాషింగ్టనులో, బేస్‌బాల్ తుదిపోరగు వరల్డ్ సిరీస్ ఏడవ ఆట పండ్రెండవ యిన్నింగ్సు వరకు సాగినపుడు, వాషింగ్టను ఆటగాడు ఎర్ల్ మెక్‌నీలీ కొట్టిన నేలబారు బంతి గులకరాతికి తగిలి, ఎదుటి జట్టున మూడవ బేసు కాచుచున్న ఫ్రెడీ లిండ్‌స్ట్రామ్ తలమీదుగ ఎగిరిపోయినది. విజయము వాషింగ్టనుకు దక్కినది. లిండ్‌స్ట్రామ్ వయస్సు అప్పటికి పదునెనిమిదేండ్లు. దానిని హిట్టుగా వ్రాసిరే కాని కుర్రవాని తప్పుగా వ్రాయలేదు, న్యాయమన నిట్లుండవలెను. ఆ యొక్క రాయి అమెరికా క్రీడాచరిత్రలో నిలిచిపోయినది, మా బయళ్ళలో అట్టివి అడుగడుగున కలవు.

బోస్టన్ ఆటగాడు బిల్ బక్నర్‌కు మాత్రము అంతటి న్యాయము లభింపలేదు. 1918 తరువాత వరల్డ్ సిరీస్ విజయము నెరుగని ఆ జట్టు, 1986 అక్టోబరు 25న న్యూయార్కులో ఆరవ ఆట గెలిచిన చాలు, ఆ కరవు తీరియుండెడిది. ఆధిక్యము చేజారి స్కోరు సమమైన పిమ్మటనే, న్యూయార్కు ఆటగాడు మూకీ విల్సన్ కొట్టిన మెల్లని బంతి మొదటి బేసు కాచుచున్న బక్నర్ కాళ్ళనడుమ దొర్లిపోయినది. చీలమండల నొప్పితో ఏండ్లతరబడి ఆడుచువచ్చిన ఆ మనుష్యుడు తన జీవితమున 2,700లకు పైగా హిట్లు కొట్టినవాడు. బోస్టన్ ఏడవ ఆటను గూడ ఓడిపోయినది. అయినను జనులకు ఒక్క బంతియే జ్ఞాపకమున్నది. బెదిరింపులు, దూషణలు అతనిని సంవత్సరముల తరబడి వెన్నాడినవి. 2008 ఏప్రిల్ 8న బోస్టన్ మైదానమున తొలిబంతి విసరుటకై వచ్చినపుడు జనులు లేచి నిలిచి కరతాళధ్వనులు చేయగా, అతడు కన్నీరు తుడుచుకొనెను. అప్పటికి ఇరువదియొక్క ఏండ్లు దాటినవి. అభిమానము పేర ఒక మనుష్యునిపై అంతకాలము మోపిన బరువును తలచినపుడు నా మనస్సు కలతపడును.

క్రికెట్ పట్టికలో జారిన క్యాచికి గడి లేదు. అందువలననే కాబోలు, దానిని జనస్మృతి మరింత గట్టిగ పట్టుకొనును. 1990 జూలైలో లార్డ్స్ మైదానమున, హైదరాబాదువాడైన అజహరుద్దీన్ నాయకత్వమున భారతజట్టు ఆడినపుడు, 36 పరుగులకడ గ్రాహమ్ గూచ్ ఇచ్చిన క్యాచిని వికెట్ కీపరు కిరణ్ మోరే జారవిడిచెను. గూచ్ 333 పరుగులు చేసెను. చెయ్యి తిరిగిన వారికిని, చక్కని పచ్చికమీదను తప్పు జరుగును. ఇక గరుసునేలపై కుర్రవాని మాట చెప్పవలెనా?

1969లో అనంతపురము వచ్చిన విన్సెంట్ ఫెర్రర్ నెలకొల్పిన గ్రామీణాభివృద్ధి సంస్థ ఆ పట్టణమున పచ్చని క్రీడాప్రాంగణమును సిద్ధపరచినది. 2024 సెప్టెంబరులో దులీప్ ట్రోఫీ క్రికెట్ ఆటలలో ఎక్కువ భాగము అక్కడనే జరిగినవి. దేశమున పేరెన్నికగన్న ఫీల్డర్లు ఆ నేలపై నిస్సంకోచముగ దుమికిరి. నీటికి కటకటలాడు సీమలో మండలమునకొక పచ్చిక బయలు కోరుట అత్యాశ యని కొందరనవచ్చును. అనంతపురములో మొలచిన గడ్డి సోమందేపల్లెలో మొలవకుండునా? గట్టుమీది పెద్దలు కుర్రవానిని తిట్టుటకు వెచ్చించు శక్తిలో కొంత, ఈ కోరికను అధికారుల చెవిని వేయుటకు వినియోగింపవలెనని నా ప్రార్థన.