స్పెయిను నగరములు, పథికుని దినములు

స్పెయిను దేశమున ఏ నగరమున నెన్నాళ్లు నిలువవలెనను మీమాంస నేఁటి యాత్రికులకు సెలవుల కొఱతవలనఁ గలిగినది. పూర్వము ఆ నిర్ణయమును దారులే చేసెడివి. 1829లో అమెరికా రచయిత వాషింగ్టన్ ఇర్వింగు సెవిల్ నుండి గ్రనాడాకు గుఱ్ఱముపైఁ గొండదారులఁ బయనించి, అల్‌హంబ్రా కోటలోనే బస సంపాదించి, కొన్ని మాసములు నివసించి, ఆ నివాసఫలముగా 1832లో నొక గ్రంథమును వెలువరించెను. పిమ్మట రైళ్లు వచ్చి దారుల తీరు మార్చినవి: 1848లో బార్సిలోనా, మతరోల నడుమ రైలు నడచెను. 1992లో మాడ్రిడ్, సెవిల్‌ల నడుమ అతివేగపు రైలు వచ్చి, సుమారు 470 కిలోమీటర్ల దూరమును మూఁడు గంటలలోపు ప్రయాణముగా మార్చెను.

ఈ వేగమువలన మిక్కిలి నష్టపడినది, నా యభిప్రాయమున, అదే దారిలోనున్న కార్డోవా. ఎనిమిదవ శతాబ్దిలో ముస్లిము పాలకుఁడు మొదటి అబ్దుల్ రహమాను ఆరంభించిన అచ్చటి మసీదును జనులు రెండు రైళ్ల నడుమ చూచి పోవుచున్నారు. రోమను కట్టడములనుండి తెచ్చిన పొడవు చాలని స్తంభములపై, ఎఱ్ఱని యిటుకను తెల్లని రాతిని మార్చి మార్చి పేర్చి, ఒకదానిపై నొకటిగా రెండు వరుసల కమానులెత్తి కప్పును పైకి లేపిన శిల్పుల యుపాయము నిలిచి చూచినఁగాని బోధపడదు. పదునాఱవ శతాబ్దిలో దాని నడుమ లేచిన క్రైస్తవాలయము వేఱొక చరిత్ర.

కావున వారము మాత్రమే గలవారు బార్సిలోనాను మఱియొక యాత్రకు విడిచి, కార్డోవాలో నొక రాత్రి, గ్రనాడాలో రెండు రాత్రులైన నిలువుఁడు. అల్‌హంబ్రా ప్రాసాదముల టిక్కెట్టు ముందుగనే కొనుఁడు.