పాలకొల్లు నుంచి గుల్‌మర్గ్ మంచు దాకా: బయల్దేరే ముందు తెలుసుకోవాల్సినవి

కొబ్బరి తోటలు, కాలువలు, వరి చేలు తప్ప కొండ కనిపించని ఊరు పాలకొల్లు. సముద్ర మట్టానికి కొద్ది మీటర్ల ఎత్తులోనే ఉంటాం. అలాంటి మనం ఒక్కసారిగా మంచు కొండల మీదికి వెళ్తే ఒళ్లు ఏమంటుంది? టికెట్లు కొనే ముందే ఇంట్లో అందరూ కూర్చుని మాట్లాడుకోవాల్సిన ప్రశ్న ఇది.

ఎక్కడ, ఎప్పుడు?

మన దేశంలో స్కీయింగ్‌కు పేరున్నవి కశ్మీర్‌లోని గుల్‌మర్గ్, ఉత్తరాఖండ్‌లోని ఔలీ, హిమాచల్‌లో మనాలి దగ్గరి సోలాంగ్ లోయ. గుల్‌మర్గ్ శ్రీనగర్‌కు సుమారు 50 కిలోమీటర్లు. ఎత్తు దాదాపు 2,650 మీటర్లు. ఖేలో ఇండియా శీతాకాల క్రీడలు 2020లో ఇక్కడ జరిగాయి. సాధారణంగా డిసెంబర్ చివరి నుంచి మార్చి మధ్య దాకా స్కీయింగ్ సీజన్. కొన్నేళ్లు మంచు ఆలస్యంగా పడుతుంది. 2024 జనవరిలో మైదానాలు ఎండిపోయి కనిపించాయి. నడక ఇష్టమైతే వేసవి మేలు. ఖిలన్‌మర్గ్, అల్‌పత్తర్ సరస్సు దారులు అప్పుడు బాగుంటాయి.

ఎలా వెళ్లాలి?

రైల్లో అయితే భీమవరం, విజయవాడ మీదుగా ఢిల్లీ, అక్కడి నుంచి కట్రా. 2025 జూన్ నుంచి కట్రా–శ్రీనగర్ మధ్య వందే భారత్ నడుస్తోంది. విమానమైతే గన్నవరం లేదా రాజమండ్రి నుంచి బయల్దేరి శ్రీనగర్ చేరొచ్చు. మంచు బాగా పడ్డప్పుడు టన్‌మర్గ్ నుంచి పైకి చక్రాలకు గొలుసులు కట్టిన బండ్లే వెళ్తాయి. ఒక మాట గుర్తుంచుకోండి: మన ప్రీపెయిడ్ సిమ్ జమ్మూ కశ్మీర్‌లో పనిచేయదు, పోస్ట్‌పెయిడ్ కావాలి.

గొండోలా, స్కీయింగ్

గొండోలా కేబుల్ కారు మొదటి దశ కొంగ్‌డూరీ దాకా, అంటే సుమారు 3,080 మీటర్లు. రెండో దశ అఫర్వత్ మీద 3,900 మీటర్లు దాటుతుంది. టికెట్ ముందే ఆన్‌లైన్‌లో తీసుకోవాలి. గాలి ఎక్కువైతే రెండో దశ ఆపేస్తారు. కొత్తవాళ్లు కింది వాలుల్లోనే, నేర్పేవారి దగ్గర మొదలుపెట్టాలి. గీసిన హద్దు దాటి వెళ్లొద్దు. 2024 ఫిబ్రవరిలో హిమపాతంలో ఒక విదేశీ స్కీయర్ ప్రాణం పోయింది.

నానమ్మను తీసుకెళ్లొచ్చా?

2,500 మీటర్లు దాటాక తలనొప్పి, వాంతి వచ్చినట్టుండటం, నిద్ర పట్టకపోవడం రావొచ్చు. అందుకే శ్రీనగర్‌లో ఒకటి రెండు రోజులు ఆగి వెళ్లడం మంచిది. లక్షణాలు పెరిగితే ఇంకా పైకి పోవద్దు, కిందికి దిగడమే మందు. గుండె జబ్బు, ఆస్తమా ఉన్నవాళ్లు, గర్భిణులు ముందు డాక్టర్‌ని అడగాలి. పెద్దలు గుల్‌మర్గ్ మైదానంలోనే కూర్చుని మంచు చూసినా ప్రయాణం వృథా కాదు.

ఖర్చు, నమాజు, భద్రత

గుర్రం, స్లెడ్జి, అద్దె కోట్లు, బూట్లు: డబ్బు కరిగేది వీటి దగ్గరే. రేటు ముందే మాట్లాడుకోండి. బీమా తీసుకుంటే స్కీయింగ్‌కు వర్తిస్తుందో లేదో చదివి తీసుకోండి. హలాల్ భోజనానికి, మసీదుకు వెతుక్కోనక్కర్లేదు. చలికాలంలో పగలు చిన్నది, డిసెంబర్‌లో ఐదున్నరకల్లా మగ్రిబ్. రంజాన్ ఏటా దాదాపు 11 రోజులు ముందుకు జరుగుతుంది కాబట్టి తేదీ చూసుకుని బుక్ చేయండి.

2025 ఏప్రిల్ 22న పహల్గాం దాడిలో 26 మంది చనిపోయారు. వారిలో మన ఆంధ్రవాళ్లూ, పర్యాటకులను కాపాడబోయిన స్థానిక గుర్రపు కార్మికుడూ ఉన్నారు. ఆ తర్వాత చాలా చోట్లు మూసి, దశలవారీగా తెరిచారు. వెళ్లే వారం ముందు ప్రభుత్వ సూచనలు చూడటం తప్పనిసరి.

ముందు మన కొండలు

పిల్లలకు నడక అలవాటు కావాలంటే మారేడుమిల్లి, అరకు, లంబసింగి ఉండనే ఉన్నాయి. 2014 మే 25న 13 ఏళ్లకే ఎవరెస్ట్ ఎక్కిన తెలంగాణ గురుకుల విద్యార్థిని మాలావత్ పూర్ణ మొదటి శిక్షణ భువనగిరి బండ మీదే. మనమూ దగ్గరి కొండతోనే మొదలుపెడదాం.