వంటకు గడియారం పెట్టాక

టీవీ వంట పోటీల్లో నాకు గిట్టనిది ఒక్కటే, గోడ మీద ఉండే గడియారం. మిగతావన్నీ ఇష్టమే. ఏ ఊరి నుంచో వచ్చిన ఇల్లాలు వణుకుతున్న చేతులతో పళ్లెం తెచ్చి బల్ల మీద పెడుతుంది. న్యాయనిర్ణేత అంచున కాస్త తుంచి నోట్లో పెట్టుకుని, ఏమీ అనకుండా నములుతాడు. ఆ కాసేపు మా ఇంట్లోనూ ఎవరూ మాట్లాడరు. గన్నవరంలో మా ఇంట్లో రాత్రి భోజనాలయ్యాక ఇది ఏళ్ల తరబడి అలవాటు. మా అత్తయ్య ఉన్నన్నాళ్లూ అసలు తీర్పు ఆవిడదే. తెర మీద ఎవరైనా బెల్లం పాకం పెడుతుంటే కుర్చీ ముందుకు జరుపుకునేవారు. “ఏమ్మా, ఆ పిల్ల పాకం వంక చూస్తోందా, గడియారం వంక చూస్తోందా?” అని నన్నడిగేవారు.

తెలుగు పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని. దేనికైనా వెనక కథ వెతకడం నాకు అలవాటు. రుచి చూసి తీర్పు చెప్పే ఈ పని మనకు ఎప్పటి నుంచి ఉంది, ఎవరెవరి చేతుల మీదుగా టీవీ దాకా వచ్చింది అని వెతికితే, ఆ దారి చాలాచోట్ల మా చుట్టుపక్కల ఊళ్ల మీదుగానే సాగింది.

మొదటి పరీక్ష భారతంలో ఉంది. రూపం మారిపోయి, బాహుకుడనే పేరుతో రుతుపర్ణుడి దగ్గర పని చేస్తున్న మనిషి తన భర్త నలుడో కాదో దమయంతికి తేలాలి. చూస్తే పోలిక లేదు. కేశిని అనే చెలికత్తెను పంపి, అతను వండిన మాంసం తెప్పించుకుని రుచి చూస్తుంది. నోట్లో పెట్టుకోగానే తేలిపోతుంది. ఆ చెయ్యి వేరెవరిదీ కాదు. ఇంత గొప్ప రుచి పరీక్ష ఏ టీవీలోనూ నేను చూడలేదు. వండినవాడికి మార్కులు వెయ్యడానికి ఆవిడ తినలేదు, వాడెవడో తెలుసుకోవడానికి తిన్నది.

తర్వాతది మా కృష్ణా ఒడ్డుది. కృష్ణదేవరాయలు కళింగ దండయాత్రలో బెజవాడలో విడిది చేసి, అక్కడి నుంచి శ్రీకాకుళం వెళ్లాడు. ఉత్తరాంధ్రలోని జిల్లా కేంద్రం గురించి కాదు నేను చెప్పేది, మన ఘంటసాల మండలంలో ఆంధ్రమహావిష్ణువు గుడి ఉన్న ఊరు. ఆ రోజు ఏకాదశి. ఉపవాసం ఉండి పడుకుంటే తెల్లవారుజామున దేవుడు కలలో కనిపించి కావ్యం రాయమన్నాడని రాయలే ఆముక్తమాల్యద మొదట్లో చెప్పుకున్నాడు. కడుపు మాడ్చుకున్న రాత్రి పుట్టిన ఆ కావ్యంలో విష్ణుచిత్తుడు అతిథులకు పెట్టే భోజనం చదివితే కడుపు నిండిపోతుంది. ముసురు రోజుల్లో సన్నబియ్యం అన్నం, పొట్టు తీసిన పప్పు, నాలుగైదు పోపు కూరలు, వడియాలు, వరుగులు, గడ్డపెరుగు, నెయ్యి. ఎండాకాలంలో గోరువెచ్చని అన్నం, తియ్యని చారు, పలుచని అంబలి, చెరుకురసం, లేత కొబ్బరినీళ్లు. చలికాలంలో మిరియం ఘాటున్న కూరలు, ముక్కుకెక్కే ఆవ పచ్చళ్లు, పాయసం, కాగిన పాలు. మిరపకాయ అప్పటికి మన వంటింట్లోకి రాలేదు, కారమంటే మిరియమే. ఇక్కడ వంటను కొలిచేది కాలం. అయితే అది నిమిషాల ముల్లు కాదు, రుతువు. బయట వాన ఉందా, ఎండ ఉందా, వచ్చినవాడు ఎంత దూరం నడిచి వచ్చాడు, ఇవీ విష్ణుచిత్తుడు చూసుకున్నవి.

కావ్యాల నుంచి వంటగదిలోకి వస్తే నాకు ముందు గుర్తొచ్చే ఊరు నూజివీడు. మాలతీ చందూర్ అక్కడ పుట్టారు. పెళ్లయ్యాక మద్రాసులో స్థిరపడి, ఆంధ్రప్రభ వారపత్రికలో ‘ప్రమదావనం’ శీర్షికతో దశాబ్దాల పాటు పాఠకుల ప్రశ్నలకు జవాబులు రాశారు. నవలాకారిణిగా ‘హృదయనేత్రి’కి సాహిత్య అకాడెమీ పురస్కారం అందుకున్నారు. కానీ మా తరం ఇళ్లలో ఆవిడ పేరు చెబితే ముందు చెయ్యి వెళ్లేది ‘వంటలు–పిండివంటలు’ పుస్తకం మీదికే. 30కి పైగా ముద్రణలు పొందిన పుస్తకం అది. భర్త ఉద్యోగాల వెంట బొంబాయికో భిలాయికో వెళ్లిన పిల్లలకు పక్కన నిలబడి చెప్పే అమ్మ లేదు. ఆ లోటు ఆ పుస్తకం తీర్చింది. నా దగ్గరున్న ప్రతిలో నూనె మరకలు లేని పేజీ లేదు. 2013లో ఆవిడ పోయారన్న వార్త చదివిన రోజు ఆ పుస్తకం తీసి బల్ల మీద పెట్టుకుని కూర్చున్నాను.

అదే నూజివీడులో పుట్టిన ఎస్వీ రంగారావు 1957లో ‘మాయాబజార్’లో ఘటోత్కచుడై పెళ్లి వంటకాల ముందు కూర్చున్నారు. తినకుండానే, తెర మీద తిండి చూసి నోరూరడం తెలుగువాళ్లకు ఆ సినిమాతోనే అలవాటయిందని నా నమ్మకం.

విజయవాడ రేడియో స్టేషన్ 1948 డిసెంబరు 1న మొదలైంది. స్త్రీల కార్యక్రమాల్లో వంటలు చెబుతుంటే పెన్సిలు పట్టుకుని పాల లెక్కల పుస్తకం వెనక రాసుకునేవాళ్లు మా అమ్మావాళ్లు. రేడియోలో రంగు కనిపించదు కదా. అందుకని చెప్పేవాళ్లు జాగ్రత్తగా చెప్పేవాళ్లు. ‘ఉల్లిపాయ ఎర్రబడ్డాక’ అని ఊరుకోకుండా, పచ్చివాసన పోయి కమ్మటి వాసన వచ్చేదాకా అని విడమరిచేవాళ్లు. తర్వాత టీవీ వచ్చింది. హిందీలో 1993లో జీ టీవీ ‘ఖానా ఖజానా’తో సంజీవ్ కపూర్ ఇంటింటి మనిషయ్యాడు. మనకు 1995 ఆగస్టు 27న ఈటీవీ వచ్చింది. అది పెట్టిన రామోజీరావుగారిది గుడివాడ దగ్గర పెదపారుపూడి, ప్రియ పచ్చళ్లూ ఆయన మొదలుపెట్టినవే. ఈటీవీలో ‘అభిరుచి’ కార్యక్రమం ఎంత నాటుకుపోయిందంటే, 2015లో ఆ పేరుతో ఏకంగా ఒక ఛానెలే పెట్టారు. పుస్తకం, రేడియో, ‘అభిరుచి’ ఈ మూడూ నేర్పడం కోసమే పుట్టాయి. వాటిలో ఓడిపోయేవాళ్లెవరూ లేరు.

పోటీ బయటి నుంచి వచ్చింది. బ్రిటన్‌లో బీబీసీ 1990లో మాస్టర్‌షెఫ్ మొదలుపెట్టింది, దాని రూపకర్త ఫ్రాంక్ రాడమ్ అనే సినిమా దర్శకుడు. జపాన్‌లో 1993లో వచ్చిన ‘ఐరన్ షెఫ్’ వంటగదిని కుస్తీ గోదాలా మార్చేసింది. 2009లో ఆస్ట్రేలియా మాస్టర్‌షెఫ్‌ను రాత్రి పూట కుటుంబమంతా చూసే కార్యక్రమంగా తీర్చిదిద్దింది. మన దేశంలో 2010లో స్టార్ ప్లస్‌లో అక్షయ్ కుమార్‌తో మొదలైతే, తొలి విజేత పంకజ్ భదౌరియా లక్నోలో పాఠాలు చెప్పే టీచరు. నాకు ఎంత సంతోషమయిందో చెప్పలేను. మాకు తెలుగులో రావడానికి మరో పదకొండేళ్లు పట్టింది. 2021 ఆగస్టులో జెమినీ టీవీలో తమన్నా వ్యాఖ్యాతగా, సంజయ్ తుమ్మ, చలపతిరావు, మహేష్ పడాల న్యాయనిర్ణేతలుగా వచ్చింది. మళ్లీ 2024లో సోనీ లివ్‌లో తెలుగు మాస్టర్‌షెఫ్ నడిచింది. సంజయ్ తుమ్మ 2007 నుంచే ఇంటర్నెట్‌లో వంటలు నేర్పుతున్న మనిషి, చలపతిరావుకు దక్షిణాది వంట క్షుణ్ణంగా తెలుసు. అలాంటివాళ్లు మన భాషలో మన వంట గురించి తీర్పు చెబుతుంటే వినడం నాకు పండగే. ఉప్పు తగ్గిందనీ పులుపు ముందు పలికిందనీ తెలుగులో అంటే ఆ రుచి నాలుక మీదికి వచ్చినట్టుంటుంది.

అయినా గడియారం పోలేదు. గంటలోనో గంటన్నరలోనో తేలిపోవాలి. ఆ నియమంతో మా డెల్టా వంటల్లో సగం గుమ్మం బయటే ఆగిపోతాయి.

అరిసెలు తీసుకోండి. బియ్యం ముందు రోజే నానబెట్టాలి. నీళ్లు వార్చి, గుడ్డ మీద తడి ఆరీ ఆరకుండా ఉన్నప్పుడే దంచి జల్లించాలి. పిడికిట పడితే ముద్ద నిలవాలి, పిండి అంత తడిగా ఉండాలి. బెల్లం కరిగి, వడకట్టాక, అసలు పని మొదలవుతుంది. నురగ పెద్ద బుడగల నుంచి చిన్న బుడగలకు దిగుతుంది. అప్పుడు పళ్లెంలో చన్నీళ్లు పోసి ఒక చుక్క పాకం వదలాలి. అది నీళ్లలో కరిగిపోతే ఇంకా లేతది. వేళ్లతో దగ్గరికి లాగితే మెత్తటి ఉండ కావాలి, ఆ ఉండ ఒత్తితే అణగాలి. ఆ క్షణాన దించేసి పిండి పొయ్యడమే, ఒకరు పోస్తుంటే ఒకరు తెడ్డుతో కలుపుతుండాలి. లేతపాకమైతే అరిసె నూనెలో విచ్చిపోతుంది, ముదిరితే పళ్లకు పని. పాకం ఎంతసేపటికి వస్తుందని మా అత్తయ్యను అడిగితే “వచ్చినప్పుడు వస్తుంది” అనేవారు. బెల్లం కొత్తదా పాతదా, పొయ్యి మీద మంటెంత, గాలిలో తేమెంత అన్నదాన్ని బట్టి మారిపోయే పని అది. ఇక ఉలవచారు సంగతి సరేసరి. రాత్రి నానిన ఉలవల్ని పొద్దుటి నుంచి మట్టికుండలో ఉడకబెట్టి, గింజల్ని ఎద్దులకు పెట్టి, ఆ కట్టును చింతపండు రసంతో చిక్కబడేదాకా మరిగించి, మీగడ వేసుకుని తినే వంటకం. దాన్ని గంటలో చెయ్యమనడం దాన్ని వద్దనడమే.

మా ఊళ్లో సంక్రాంతికి ముగ్గుల పోటీలతో పాటు వంటల పోటీలూ పెడతారు. అప్పుడప్పుడు నన్నూ రుచి చూడ్డానికి పిలుస్తారు. అక్కడ వంట ఇంట్లోనే అవుతుంది, బల్ల మీదికి గిన్నె వస్తుంది. చప్పటివి ముందు, పులుపు తర్వాత, కారం ఆ తర్వాత, తీపి చివర. మధ్యమధ్య మజ్జిగ పుక్కిట పట్టాలి, లేకపోతే నాలుక మొద్దుబారి చివరి గిన్నెలవాళ్లకు అన్యాయం జరుగుతుంది. ఇంకొకటి, తీర్పయ్యాక ఆ గిన్నెలన్నీ చుట్టూ నిలబడ్డ జనం తినేస్తారు. మేం తప్పు చెబితే అక్కడికక్కడే పట్టుకుంటారు. టీవీకి లేనిది ఆ భయం. కోట్లమంది చూస్తారు, ముగ్గురే తింటారు. అందుకే తెర మీద కూర్చున్న ముగ్గురికీ నోరు విప్పి కారణం చెప్పే బాధ్యత రెట్టింపు ఉంటుంది. ‘అద్భుతం’ అని చేతులు జోడిస్తే నాకేం తెలుస్తుంది? మెంతులు మాడాయో, ఇంగువ పచ్చిగా పడిందో చెబితే రేపు నా పోపు బాగుపడుతుంది.

బేకింగ్ పోటీల్లో ఈ విషయంలో కొంత ఊరట కనిపిస్తుంది. 2010లో బ్రిటన్‌లో మొదలైన ‘గ్రేట్ బ్రిటిష్ బేక్ ఆఫ్’ను మా అమ్మాయి చూపించింది. డేరా వేసి, అందులో పొయ్యిలు పెట్టి నడుపుతారు. అక్కడా గడియారం ఉంది, కానీ ఓవెన్ ఎవరి మాటా వినదు. పోటీదారులు నేల మీద చతికిలబడి ఓవెన్ అద్దంలోంచి కేకు పొంగుతుందా లేదా అని చూస్తూ కూర్చుంటారు. నాకు ఆ దృశ్యం చాలా ఇష్టం. మేం ప్రెషర్ కుక్కర్లో ఇసుక పోసి, విజిల్ తీసేసి, గిన్నెలో కేకు పెట్టి అలాగే కూర్చునేవాళ్లం. వాళ్ల ఇంకో పద్ధతి అయితే మనం నేర్చుకోవలసిందే. అందరికీ ఒకే వంటకం ఇస్తారు, తయారీ విధానం సగం సగం రాసి ఇస్తారు. ‘కాల్చండి’ అని ఉంటుంది, ఎంతసేపో ఉండదు. చేతికి తెలిసినవాళ్లు గట్టెక్కుతారు.

గడియారం లేకుండా జనం చూడరన్నది ఒట్టి మాట. 2016లో తెనాలి దగ్గర గుడివాడ అనే పల్లెలో వందేళ్లు దాటిన మస్తానమ్మగారి చేత యూట్యూబ్‌లో వంటలు చేయించారు. పొలం గట్టు, రాళ్ల పొయ్యి. ఆవిడ అల్లం పొట్టు గోటితో గీకుతుంటే ప్రపంచమంతా కన్నార్పకుండా చూసింది. పుచ్చకాయలో చికెన్ వండిన వీడియో ఎన్ని దేశాలు తిరిగిందో. 2018 డిసెంబరులో ఆవిడ పోయేనాటికి ఆ ఛానెల్‌కు చందాదారులు పది లక్షలు దాటారు. ఆవిడ ఎవరితోనూ పోటీ పడలేదు, ఎవరూ మార్కులు వెయ్యలేదు.

పోటీ వద్దని నేననను. పోటీ లేకపోతే ఆ లక్నో టీచరమ్మ మనకు తెలిసేది కాదు. నియమాలు మార్చవచ్చని వాళ్లే చేసి చూపించారు, 2015లో మాస్టర్‌షెఫ్ ఇండియాను పూర్తిగా శాకాహారంతో నడిపారు. మాంసం పక్కన పెట్టగలిగినవాళ్లు గడియారాన్ని పక్కన పెట్టలేరా? తెలుగులో వచ్చేసారి ఈ కార్యక్రమం చేసేవాళ్లకు నాదొక విన్నపం. సంక్రాంతి వారంలో ఒక్క పోటీ రెండు రోజులది పెట్టండి. మొదటి రోజు బియ్యం నానబోయించండి, ఉలవలు నానబోయించండి. రెండో రోజు అందరికీ అరిసెల విధానం సగం రాసిన కాగితం ఇచ్చి, పాకం దగ్గర ఏమీ రాయకుండా వదిలెయ్యండి. న్యాయనిర్ణేతల పక్కన మా పల్లెల నుంచి ఒక పెద్దావిడను కూర్చోబెట్టి, నీళ్ల పళ్లెం ఆవిడ చేతికివ్వండి. అలా చూడగలిగిన చేతులు కృష్ణా జిల్లాలో ఇంకా ఉన్నాయి, అవి ఉండగానే పిలవండి.