మారిషస్ సంగ్రహాలయాలు

మారిషస్ సంగ్రహాలయాలు (మ్యూజియంలు) హిందూ మహాసముద్రంలోని ద్వీప దేశమైన మారిషస్ ప్రకృతికి, చరిత్రకు సంబంధించిన వస్తువులను, పత్రాలను భద్రపరచిన స్థలాలు. ప్రభుత్వ సంగ్రహాలయాలలో ముఖ్యమైనవాటిని మారిషస్ మ్యూజియమ్స్ కౌన్సిల్ నిర్వహిస్తుంది. 19వ శతాబ్దంలో ఆంధ్ర తీరం నుండి కూలీలుగా వెళ్ళినవారి ఆనవాళ్ళు రాజధాని పోర్ట్ లూయీలోను, దానికి సమీపంలోని మోకాలోను ఉన్నందువలన తెలుగువారికి ఇవి ప్రత్యేకించి చూడదగినవి.

ప్రకృతి చరిత్ర సంగ్రహాలయం

పోర్ట్ లూయీలోని ఈ సంగ్రహాలయం దేశంలోని సంగ్రహాలయాలలో అతి పురాతనమైనది. ప్రకృతి శాస్త్రవేత్త జూలియన్ దెజార్దాఁ సేకరణలతో 1842లో ఇది ప్రారంభమైనది. ఇక్కడి ప్రధాన ఆకర్షణ డోడో అస్థిపంజరం. డోడో పావురాల కుటుంబానికి చెందిన, ఎగరలేని పెద్ద పక్షి. మారిషస్‌లో తప్ప మరెక్కడా లేని ఈ పక్షి, మనుషులు స్థిరపడిన తరువాత 17వ శతాబ్దంలోనే అంతరించిపోయినది. ఇతర దేశాలలో కనిపించే డోడో అస్థిపంజరాలు సాధారణంగా అనేక పక్షుల ఎముకలను జోడించి కూర్చినవి. ఒకే పక్షికి చెందిన దాదాపు సంపూర్ణమైన అస్థిపంజరం మాత్రం ఇదొక్కటే. దీనిని 1904 ప్రాంతంలో వెలికితీసిన ఎతియెన్ తిరియూ శాస్త్రవేత్త కాడు, క్షురకవృత్తితో జీవించిన వ్యక్తి.

ఆప్రవాసీ ఘాట్

1835లో ఇక్కడ బానిసత్వం రద్దయినది. చెరకు తోటల యజమానులు అంతకు ముందు సంవత్సరం నుండే భారతదేశం నుండి ఒప్పంద కూలీలను రప్పించసాగారు. 1834 నవంబరు 2న 'అట్లాస్' ఓడలో 36 మంది కలకత్తా నుండి చేరుకున్నారు. ఈ తేదీ నేడు జాతీయ సెలవుదినం. 1920 వరకు సుమారు 5 లక్షల మంది వచ్చారు. 1849లో ఓడరేవు వద్ద ప్రారంభమైన కూలీల కేంద్రమే ఆప్రవాసీ ఘాట్. పడవ దిగినవారు ఎక్కిన 16 రాతి మెట్లు ఇంకా ఉన్నాయి. కట్టడాలలో ఎక్కువ భాగం తరువాతి కాలంలో కనుమరుగైనది. మిగిలినదానిని యునెస్కో 2006లో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించినది. 2014లో ప్రక్కనే బిక్రమ్‌సింగ్ రామ్‌లల్లా వివరణ కేంద్రం ఏర్పడినది.

తెలుగువారి వలస పత్రాలు

గోదావరి ముఖద్వారం వద్ద ఉన్న కోరంగి రేవు నుండి ఓడలెక్కిన కారణంగా మారిషస్‌లో తెలుగువారికి 'కోరంగీలు' అన్న పేరు వచ్చినది. అనగా ఒక జాతిని దాని భాష పేరుతో గాక, ఎక్కిన రేవు పేరుతో పిలిచారు. 1839 తుఫానులో ఆ రేవు తీవ్రంగా దెబ్బతిన్నది గాని, పేరు మాత్రం సముద్రానికి ఆవల నిలిచిపోయినది.

వచ్చిన ప్రతి వ్యక్తికి ఒక సంఖ్య కేటాయించి, పేరు, తండ్రి పేరు, వయస్సు, కులం, స్వగ్రామం, ఓడ పేరు రిజిస్టర్లలో వ్రాసేవారు. 1860ల నుండి ఛాయాచిత్రాలు కూడా తీశారు. ఈ పత్రాలు మోకాలోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో భద్రపరచబడినవి. అక్కడే భారతీయ వలస జానపద సంగ్రహాలయం ఉన్నది. తెలుగు తెలియని గుమాస్తాలు చెవికి వినిపించినట్లు వ్రాసినందువలన పేర్లు, ఊర్లు చాలా మార్పు చెందాయి. అనేక కుటుంబాలలో ఇంటిపేరు మరుగునపడి, వలస వచ్చిన పూర్వీకుని పేరే వంశనామమైనది. అందుచేత తమ ఊరేదో వెదుకుకొనే నేటి తరానికి పాత రిజిస్టరులోని ఆ ఒక్క వరుసే ముఖ్యమైన ఆధారం. పూర్వీకుని సంఖ్య గాని, ఓడ పేరు గాని తెలిసి ఉంటే వెదకడం సులభం. మారిషస్‌లో ఉగాది ప్రభుత్వ సెలవుదినం. 1990లో మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు ఇక్కడే జరిగినవి.

ఇతర సంగ్రహాలయాలు

మాహేబూర్గ్‌లోని జాతీయ చరిత్ర సంగ్రహాలయం ఒక పాత ఫ్రెంచి భవనంలో ఉన్నది. 1810 గ్రాండ్ పోర్ట్ నౌకాయుద్ధంలో గాయపడిన బ్రిటిషు, ఫ్రెంచి నాయకులిద్దరికీ ఈ ఇంటిలోనే చికిత్స జరిగినది. 2001లో ప్రారంభమైన బ్లూ పెన్నీ మ్యూజియంలో 1847 నాటి సుప్రసిద్ధ తపాలా బిళ్ళలు ఉన్నాయి. వెలుతురుకు రంగు చెడకుండా అసలు బిళ్ళలపై గంటకు కొద్ది నిమిషాలు మాత్రమే దీపం వేస్తారు. మిగిలిన సమయంలో కనిపించేవి నకళ్ళే గనుక వేళ తెలుసుకొని వెళ్ళడం మంచిది. పాంప్లెమూస్ సమీపంలో 1999లో మూతపడిన బో ప్లాన్ చక్కెర కర్మాగారం ప్రస్తుతం చక్కెర సంగ్రహాలయం. చివరలో సందర్శకులకు పలు రకాల చక్కెరలను రుచి చూపిస్తారు.