పది పుస్తకాలు ఒకేసారి తెరిచి

1588లో పారిస్‌లో అచ్చయిన ఒక పుస్తకంలో వింతైన బొమ్మ ఉంది. ఫ్రాన్సు రాజు మూడో హెన్రీ కొలువులో పనిచేసిన ఇటలీ ఇంజనీరు అగస్టినో రామెల్లీ రూపొందించిన 195 యంత్రాల్లో అదొకటి. నీళ్లు తోడే పంపులు, పిండి మరలు, కోటల మీద దాడికి పనికొచ్చే సాధనాలు, వాటి నడుమ చదువుకోవడానికి ఒక చక్రం! మనిషెత్తు చక్రం చుట్టూ వాలు పలకలు, పలకకో తెరిచిన పుస్తకం. ఎదురుగా కూర్చుని చేత్తో తిప్పితే జాతరలో రంగులరాట్నం ఉయ్యాలల్లా పుస్తకాలు ఒక్కొక్కటే కళ్ల ముందుకొస్తాయి. పలకల వాలు చెదరకుండా లోపల పళ్లచక్రాలు పెట్టాడు. కీళ్లవాతంతో లేవలేని వాళ్లకు ఇది బాగా పనికొస్తుందని రామెల్లీయే రాశాడు.

అప్పటికి యూరప్‌లో అచ్చుయంత్రం వచ్చి వందేళ్లు దాటింది. పండితుడి గదిలో పుస్తకాలు పెరిగాయి. మూలం పక్కన అనువాదం, ఒక వ్యాఖ్యానం పక్కన ఇంకొకటి పెట్టి చదవడం వాళ్లకు నిత్యకృత్యమైంది. అదే కాలంలో ఫ్రెంచి రచయిత మోంటేన్ తన బురుజు గదిలో కాసేపు ఈ పుస్తకం, కాసేపు ఆ పుస్తకం తిరగేస్తూ గడిపేవాణ్నని తన వ్యాసాల్లో చెప్పుకున్నాడు. ఆయనది మనసు పోయిన దారిన పోయే చదువు. రామెల్లీ చక్రం కోరుకున్నవాళ్లది ఒక పుస్తకం చెప్పిన మాటను ఇంకో పుస్తకంతో పరీక్షించే చదువు. ఒకేసారి నాలుగు పుస్తకాలు పట్టేవాళ్లను నిలకడ లేనివాళ్లని మనం తేలిగ్గా అనేస్తాం. ఆ రెండో రకం చదువరులే లేకపోతే ఈవేళ మన చేతుల్లో ఉన్న తెలుగు కావ్యాలు ఈ రూపంలో ఉండేవి కావు.

దానికి కడప సాక్ష్యం. కలకత్తాలో 1798లో పుట్టిన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1820లో కుంపిణీ ఉద్యోగిగా కడప వచ్చాడు. 1824లో వేమన పద్యాలు ఆయన కంటపడ్డాయి. ప్రతులు సేకరించడం మొదలుపెట్టేసరికి సమస్య ఎదురైంది. ఏ రెండు ప్రతులూ ఒకేలా లేవు. ఒకదాంట్లో ఉన్న పద్యం ఇంకొకదాంట్లో లేదు, ఉన్నా మాటలు వేరు, వరుస అసలే కలవదు. అది సహజమే. ఆటవెలది నోటికి తేలిగ్గా పట్టుబడుతుంది. మకుటం తగిలించి ఎవరైనా తమ పద్యాన్ని వేమన ఖాతాలో వేయవచ్చు. ఒక్క ప్రతిని నమ్ముకుంటే వేమన దొరకడని బ్రౌన్ గ్రహించాడు. దొరికిన ప్రతులన్నీ ఎదురెదురుగా పెట్టి, ఏరి, ఇంగ్లిషు అనువాదంతో 1829లో 693 పద్యాలు అచ్చు వేశాడు. అంతటితో ఆగలేదు. మరిన్ని ప్రతులు చూసి 1839లో 1,164 పద్యాలతో మళ్లీ ప్రచురించాడు.

తాటాకు పుస్తకాలను పక్కపక్కన పెట్టి చదవడం ఎంత కష్టమో ఊహించండి. ఆకుకు చిల్లులు, చిల్లుల్లోంచి తాడు, పైనా కిందా చెక్కలు. గంటంతో గీసిన అక్షరం మసి పూస్తే తప్ప సరిగ్గా కనిపించదు. మాటకూ మాటకూ మధ్య ఎడం ఉండదు. పద్యాన్ని పాదాలుగా విరిచి రాయరు. ఎ, ఏలకు, ఒ, ఓలకు తేడా చాలా ప్రతుల్లో చూపరు. ప, వ కలగాపులగమవుతాయి. రెండు పంక్తులు ఒకే మాటతో మొదలైతే రాయసగాడి చూపు జారి మధ్యలో ఉన్నదంతా ఎగిరిపోతుంది. ఇలాంటి కట్టలను చక్రం మీద పెట్టి ఒక్కడే తిప్పుకుంటే సరిపోదు, ఒక్కో కట్టకు చదివే మనిషి కావాలి.

బ్రౌన్ చేసింది అదే. కడపలో బంగళా కొని పండితులను, లేఖకులను జీతమిచ్చి పెట్టుకున్నాడు. ఆ ఇంటిని జనం బ్రౌన్ కాలేజీ అనేవారు. ఒకే కావ్యానికి వీలైనన్ని ప్రతులు తెప్పించి, కాగితం మీద శుభ్రంగా ఎత్తి రాయించి, పద్యాలకు అంకెలు వేయించి, పాఠభేదాలన్నీ గుర్తించి పండితుల ముందు పెట్టేవాడు. తెలుగు పద్యంలో యతి, ప్రాస ఉండటం ఇక్కడ పెద్ద అండ. యతి తప్పిందంటే అక్కడ ఎవరో అక్షరం మార్చారన్నమాట. జూలూరి అప్పయ్య వంటి పండితులు ఆ పనిలో ఉన్నారు. అప్పయ్య వ్యాఖ్యతో మనుచరిత్ర 1851లో మద్రాసులో అచ్చయింది. ఈ ఖర్చుకు బ్రౌన్ సొంత డబ్బు పెట్టాడు, అప్పులూ చేశాడు. దొర పేరు మనం తలుచుకుంటాం, మంచిదే. ఆ గదిలో కళ్లు పోగొట్టుకుంటూ తాటాకులు చదివిన పండితుల పేర్లు కూడా అంతే గౌరవంతో తలుచుకోవాలని నా పట్టుదల.

ఈ చదువు పెద్ద స్థాయిలో పుణెలో జరిగింది. భండార్కర్ ప్రాచ్య పరిశోధన సంస్థ 1919లో మహాభారత సంశోధిత ముద్రణకు పూనుకుంది. 1925లో వి.ఎస్. సుక్తాంకర్ ప్రధాన సంపాదకుడయ్యారు. ఒక పెద్ద కాగితం మీద పైన శ్లోకం, అక్షరానికో గడి. కింద వరుసగా ఒక్కో ప్రతి పేరు, దాంట్లో ఎక్కడ తేడా ఉంటే ఆ గడిలో ఆ అక్షరం. పదుల కొద్దీ ప్రతులను ఒక్క చూపులో చదివించే కాగితం అది. ఆదిపర్వానికే 235 ప్రతులున్నట్టు లెక్క తేలింది, వాటిలో 28 తెలుగు లిపిలోవి. 1966లో పని ముగిసేసరికి మొత్తం 1,259 ప్రతులను పరిశీలించారు. తేలికైన మాట, కఠినమైన మాట రెండూ కనిపిస్తే కఠినమైనదే అసలుది కావచ్చునన్నది ఇలాంటి సంపాదకులు పాటించే సూత్రం. రాసేవాడు తెలియని మాటను తెలిసిన మాటగా దిద్దుతాడు కానీ, తెలిసినదాన్ని చెడగొట్టి కష్టం చేయడు కదా!

ఇక్కడ మనం గర్వించాల్సిన విషయం ఒకటుంది. సుక్తాంకర్ తన పరిశీలనకు పాత జావా భాషలోని భారతంతో, క్షేమేంద్రుడి సంగ్రహంతో పాటు నన్నయ ఆంధ్ర మహాభారతాన్ని కూడా సాక్షిగా తీసుకున్నారు. ఇప్పుడు మిగిలిన సంస్కృత ప్రతుల్లో అత్యధికం నన్నయ తర్వాతి కాలానివే. పదకొండో శతాబ్దంలో రాజమహేంద్రవరంలో కూర్చున్న కవి ముందు ఏ పాఠం ఉందో అంచనా వేయడానికి ఆయన తెలుగు పద్యాలే ఆధారమయ్యాయి.

సామాన్య పాఠకుడికీ ఈ పద్ధతి అందుబాటులో ఉంది. శకుంతలోపాఖ్యానాన్ని నన్నయలో చదువుతూ, పక్కన వ్యాసుడి మూలానికి తెలుగు తాత్పర్యం, ఇంకో పక్కన కాళిదాసు నాటకం తెరిచి పెట్టుకోండి. ముగ్గురు శకుంతలలు మాట్లాడే తీరు విడిగా చదివినప్పుడు ఇంత స్పష్టంగా తెలియదు. వేమనకైనా రెండు మూడు ముద్రణలు దగ్గర పెట్టుకోవడం మేలు.

కడపలో బ్రౌన్ బంగళా ఉన్న చోట ఈనాడు సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం నడుస్తోంది. జానమద్ది హనుమచ్ఛాస్త్రి ఏళ్ల తరబడి పడిన శ్రమ ఫలితమది. తిరుపతిలో, హైదరాబాద్‌లో, చెన్నైలో తాళపత్రాలను భద్రపరిచే సంస్థలున్నాయి. అయినా పల్లెల్లో అటకల మీద ఎవరికీ చదవడం రాని కట్టలు ఇంకా ఉన్నాయి. పనికిరావని పొయ్యిలో పెట్టేవాళ్లు, పుణ్యమని ఏట్లో కలిపేవాళ్లు ఉన్నారు. మీ ఇంట్లో అలాంటిది ఉంటే, అందులో ఉన్నది ఇప్పటికే అచ్చయిన కావ్యమే అని తెలిసినా సరే, దయచేసి పారేయకండి. దగ్గర్లోని లిఖిత గ్రంథాలయానికి కబురు పెట్టండి, కనీసం ఫొటోలు తీయనివ్వండి. పాఠం తేల్చేవాళ్లకు ఇంకో ప్రతి ఎప్పుడూ కావాలి.